నాలుగో ఫైలు

2024 జనవరిలో పటాన్‌చెరు బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో గిరాకీ అంతా చలానాలదే. పెండింగ్ చలానాలు కట్టేసేవాళ్లకి టూవీలర్ల మీద 80 శాతం మాఫీ అని ప్రభుత్వం డిసెంబరు 26న మొదలుపెట్టింది. జనవరి 10తో అయిపోవాల్సింది నెలాఖరుదాకా పొడిగించింది. పాశమైలారంలో, బొల్లారంలో షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చి లైన్లో నిలబడుతున్నారు. లైనుతో పని లేకుండా మూల కుర్చీలో కూర్చునే మనిషి ఒక్కతే. ఆమెది వీసా పని.

ఆమె భర్త మెల్‌బోర్న్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసి, 2019లో పీఆర్ తెచ్చుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో తండ్రికి పక్షవాతం వచ్చిందంటే వచ్చాడు. వెనకాలే కరోనా వచ్చింది. అతను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో చేరాడు. మరుసటేడు పెళ్లయింది. ఆపై ఏడాది తండ్రి పోయాడు. పీఆర్ ఉన్నా ఆ వీసా మీద రాకపోకలకు గడువు అయిదేళ్లే. అది 2024లో తీరిపోతుంది. ఆలోగా అతను మళ్లీ విమానం ఎక్కాలి. వెనక భార్య వెళ్లాలంటే దరఖాస్తు ఇప్పుడే పడాలి.

ఫీజు 8,850 ఆస్ట్రేలియన్ డాలర్లు. మన డబ్బులో అయిదు లక్షలకు కాస్త తక్కువ. ముందు తాత్కాలిక వీసా, రెండేళ్లు గడిచాక చూసి పర్మినెంటు. రెండింటికీ కట్టేది ఒకేసారి. కుదరదు అన్నారంటే రూపాయి వెనక్కి రాదు.

"పెళ్లి సర్టిఫికెట్ ఉంది కదండీ," అంది ఆమె, అమీర్‌పేట కన్సల్టెంటుతో మొదటిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు.

"అది పెళ్లయిందనడానికి. కలిసి ఉంటున్నారనడానికి వేరే కావాలి," అన్నాడాయన.

ఆస్ట్రేలియా వాళ్లు చూసేవి నాలుగట. డబ్బు కలిపి వాడుకుంటున్నారా. ఇల్లు ఒకటేనా. నలుగురూ వీళ్లని భార్యాభర్తలుగా ఎరుగుదురా. ఒకరికొకరు కట్టుబడి ఉన్నారా. నెట్ సెంటర్ కుర్రాడు నాలుగు ప్లాస్టిక్ ఫైళ్లు తీసి మార్కరుతో పేర్లు రాశాడు. డబ్బు. ఇల్లు. నలుగురు. కమిట్‌మెంట్.

మొదటి ఫైల్లోకి జాయింట్ అకౌంటు పాస్‌బుక్కు వెళ్లింది. ఖాతా తెరిచి మూడు నెలలు. అందులో తెరిచినప్పుడు వేసిన అయిదు వేలున్నాయి. కన్సల్టెంటు చూసి, "దీన్ని కాస్త వాడండి," అన్నాడు. ఆ రోజు నుంచి కూరగాయలకి కూడా అందులోంచే ఫోన్‌పే చేస్తోంది.

రెండో ఫైలు దగ్గర బండి ఆగింది. ఉమ్మడి ఇల్లు. కరెంటు మీటరు మామ పేరు మీద. గ్యాసు మామ పేరు మీద. ఇంటి పన్ను మామ పేరు మీద. మామ లేడు. ఆమె ఆ ఇంట్లో రెండున్నరేళ్లుగా రోజుకు మూడు పూటలు వండుతోంది గానీ ఆ సంగతి ఏ కాగితానికీ తెలియదు. ఉన్న కాగితాలతో ఇంకో చిక్కు. భర్త పాస్‌పోర్టు 2015లో తీసింది. అందులో మెదక్ జిల్లా. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా అయింది కాబట్టి ఆమె ఆధార్‌లో సంగారెడ్డి జిల్లా. పటాన్‌చెరు 2007లోనే జీహెచ్ఎంసీలో కలిసింది కాబట్టి ఇంటి పన్ను రసీదు మీద హైదరాబాద్.

"ఒక్కరికి మూడిళ్లున్నట్టున్నయ్ మేడమ్," అన్నాడు కుర్రాడు.

దానికి విరుగుడు అఫిడవిట్. అత్తమ్మని సంగారెడ్డి కోర్టు దగ్గరికి తీసుకెళ్లారు. నోటరీ వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయించి చదివి వినిపించాడు. నా కుమారుడు, కోడలు నా ఇంట నాతోనే నివసించుచున్నారు.

"గిది నేను సంతకం పెట్టాల్నా?" అంది అత్తమ్మ. "మరి ఇంకెక్కడుంటరు?"

పెట్టింది.

మూడో ఫైలుకి ఫోటోలు. పెళ్లివి ఉన్నాయి, గృహప్రవేశాలవి ఉన్నాయి, రుద్రారం గణపతి గుడి ముందు దిగింది ఉంది. ప్రతి ఫోటో వెనక తేదీ, ఊరు రాయాలన్నాడు కన్సల్టెంటు. ఆమె చెబుతుంటే కుర్రాడు రాశాడు. చివరిది బతుకమ్మ ఫోటో. ఆమె పట్టుచీరలో, నెత్తి మీద బతుకమ్మతో, చుట్టూ పుట్టింటివాళ్లతో.

"ఇదెప్పటిది మేడమ్?"

"మొన్నటిది. సద్దుల బతుకమ్మ. జహీరాబాద్ల, మా అమ్మోళ్లింటి కాడ."

కుర్రాడు ఫోన్లో తేదీ చూసి రాశాడు. 22 అక్టోబరు 2023, జహీరాబాద్. మళ్లీ ఫోటో తిప్పి వెతికాడు.

"సార్ లేడు గదా ఇందుల?"

"కంపెనీల ఆడిట్. సెలవియ్యలే."

కుటుంబంతో ఉన్నది కాబట్టి పనికొస్తుందని అదీ పెట్టారు.

నాలుగో ఫైలు ఖాళీగా ఉంది. ఏం పెట్టాలో ఎవరికీ తెలియలేదు. కన్సల్టెంటుని అడిగితే, "ఒకరి గురించి ఒకరు ఎంత పట్టించుకుంటారో తెలియాలి. కష్టంలో తోడున్నట్టు, ముందు ముందు కూడా ఉంటామన్నట్టు," అన్నాడు.

"అంటే ఏం కాగితం?"

"ఏదైనా పర్లేదు. భర్త మీకోసం ఏమైనా చేసినవి, కొన్నవి."

ఆమె ఆలోచించింది. పెళ్లిలో పెట్టిన పుస్తెలతాడు బిల్లు ఉంది. అది అత్తమ్మ పేరు మీదుంది.

ఒకరోజు వచ్చేటప్పుడు స్కూటీ ఆర్సీ పట్టుకొచ్చింది. పొద్దున భర్తే టేబుల్ మీద పెట్టి, "ఎట్లాగూ నెట్ సెంటర్‌కి పోతవు గదా, బండి చలానాలు కూడా కట్టెయ్. డిస్కౌంట్ అయిపోతది," అని డ్యూటీకి వెళ్లాడు. బండి కూడా మామదే. టీఎస్ 15. చలానా మెసేజిలన్నీ మామ నంబరుకే వెళ్తాయి. మామ ఫోను బీరువాలో స్విచ్చాఫ్‌లో ఉంది. ఎన్ని పడ్డాయో ఇంట్లో ఎవరికీ లెక్క లేదు.

కుర్రాడు బండి నంబరు కొట్టాడు. జాబితా వచ్చింది. వరసగా కిందికి దిగుతూ పోయింది.

"మస్తున్నయ్ మేడమ్."

మొదటి దాని పక్కనున్న ఫోటో గుర్తు నొక్కాడు. లింగంపల్లి. వెనక నుంచి తీసిన ఫోటో. ముందు సార్, వెనక మేడమ్. కింద తేదీ, టైము, స్థలం. నేరం: వెనక కూర్చున్నవారికి హెల్మెట్ లేదు. 100 రూపాయలు, పైన 35 యూజర్ ఛార్జీలు.

రెండోది చందానగర్. అదే నేరం. మూడోది మదీనాగూడ. అదే.

కుర్రాడు మౌస్ మీద చెయ్యి తీసేశాడు.

"మేడమ్, మనం ఇన్ని దినాల సంది ఏం దేవులాడుతున్నం? గవే గదా ఇవి!"

లైన్లో ఉన్నవాళ్లు తొంగి చూశారు. ఆమెకి అర్థం కాలేదు. కుర్రాడు కన్సల్టెంటుకి ఫోన్ కలిపాడు. మొగుడూ పెళ్లాం ఒకే బండి మీద, రెండున్నరేళ్లపాటు, పోలీసులే తేదీ వేసి తీసిన ఫోటోలు.

"ప్రభుత్వం తీసిందా? టైముతో సహానా?" అన్నాడు కన్సల్టెంటు. "ప్రింట్లు తియ్యండి. ముందు డబ్బు కట్టకండి. కడితే లిస్టులోంచి పోతాయి."

కుర్రాడు ఒక్కోటీ తెరిచి ప్రింటు ఇస్తూ పోయాడు. ఆమె ఒక్కోటీ అందుకుని చూస్తూ పోయింది. అన్నింట్లోనూ ఒకవైపుకే కాళ్లు వేసుకుని కూర్చుని ఉంది. ఒక దాంట్లో చేతిలో కూరగాయల సంచి. ఒక దాంట్లో కొంగు గాలికి ఎగరకుండా పళ్లతో పట్టుకుంది. ఒక దాంట్లో ఒడిలో స్టీలు క్యారియర్. మామ ఆస్పత్రిలో ఉన్నప్పటిది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పట్టుకెళ్లేది. ఆ నెలలో నాలుగు చలానాలున్నాయి. అన్నీ లింగంపల్లిలో, అదే కెమెరా. అఫిడవిట్లో నోటరీ రాయలేనిదంతా అందులో ఉంది.

"గిన్ని చలానాలు పడే బదులు ఇంకో హెల్మెట్ కొనుక్కోవాల్సింది మేడమ్."

"అడిగిన."

"ఏమన్నడు సార్?"

"135 రూపాయల చలానాకి రెండు వేల హెల్మెట్ ఎందుకు, పడ్డప్పుడు చూద్దాం అన్నడు."

లైన్లో ఒకాయన నవ్వాడు. "లెక్క కరెక్టే," అన్నాడు.

ప్రింట్లు సర్దుతుంటే అవి ఏ ఫైల్లోకి వెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. కుర్రాడు కొంతసేపు ఆలోచించి ఇంటి ఫైల్లో సగం, నలుగురి ఫైల్లో సగం పెట్టాడు. రెండూ లావయ్యాయి. నాలుగోది పలచగా, అట్టకి అట్ట అంటుకుని ఉంది.

"ఒక్కటి మిగిలింది," అని జాబితాలో చివరిది నొక్కాడు. "ఇది హెల్మెట్ది గాదు మేడమ్. సిగ్నల్ జంప్."

మియాపూర్ క్రాస్ రోడ్స్. సాయంత్రం 5 గంటల 40 నిమిషాలు. బండి అదే. ముందున్న మనిషి తల మీద ఇంట్లో ఉన్న ఆ ఒక్క హెల్మెట్టే. కుడివైపు పొడుగ్గా గీత. వెనక మనిషి రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చుని ఉంది. తల మీద ఎర్ర హెల్మెట్.

"గిందుల మీరు హెల్మెట్ పెట్టుకున్నరు మేడమ్," అన్నాడు కుర్రాడు. "మొఖం, జడ ఏం కనిపిస్తలేవు. ఇది తీసేద్దామా?"

"పెద్దగ చెయ్యి."

చేశాడు. హెల్మెట్ తెర నిండా వచ్చింది. కొత్తది. వెనక ఐఎస్ఐ స్టిక్కరు ఇంకా ఊడలేదు. వెండి రంగులో చిన్న ముక్క, ఎండ పడి మెరుస్తోంది.

"కిందికి జరుపు."

జరిపాడు. తేదీ వచ్చింది. 22 అక్టోబరు 2023.

ఆమె దాన్ని చదివింది. లైన్లో వెనకనున్నవాడు ఇంకెంతసేపు అన్నాడు. బయట సంగారెడ్డి బస్సు కండక్టరు ఇస్నాపూర్, ఇస్నాపూర్ అని పిలుస్తున్నాడు. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. భర్త.

"కట్టేసినవా?"

"కడుతున్న."

"ఎన్నున్నయ్?"

"మస్తున్నయ్. అన్నీ హెల్మెట్‌వే."

"చెప్పిన గదా, డిస్కౌంట్ల ఏం గాదు. అన్ని కట్టెయ్, ఒక్కటి ఉంచకు," అని అతను పెట్టేశాడు.

"కొట్టెయ్యనా మేడమ్ మరి?" అన్నాడు కుర్రాడు.

"ముందు ఇది ప్రింట్ తియ్యి."

"మొఖం కనిపిస్తలేదు గదా."

"కలర్‌ల తియ్యి."

కలర్ ప్రింటు పది రూపాయలు ఎక్కువ. తీశాడు. ఎరుపు బాగా వచ్చింది. ఆమె దాన్ని టేబుల్ మీద పెట్టి, నలుగురి ఫైలు దగ్గరికి లాక్కుంది. ఫోటోలు ఒక్కోటీ తిప్పి వెనక రాసిన తేదీలు చూసింది. బతుకమ్మ ఫోటో దొరికింది. బయటికి తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్ లాగింది.

"అదెందుకు తీసిండ్రు మేడమ్? మంచిగున్నది గదా."

ఆమె కలర్ ప్రింటు అతని వైపు జరిపింది.

"ఇది నాలుగో దాంట్ల పెట్టు."

కుర్రాడు ఫైలు అట్ట మీద తను రాసిన పేరు చూశాడు, ప్రింటు చూశాడు.

"దీంట్లనా మేడమ్?"

"పెట్టు. హెల్మెట్ కొనిచ్చిండు గదా."