యాభై అయిదు దాటిందిరా!

తెల్లవారుజామున అయిదుంబావుకి ఫోన్ మోగితే ఎవరింట్లోనైనా గుండె గుభేలుమంటుంది. మా ఇంట్లో మాత్రం ఆ కంగారు ఎప్పుడో పోయింది. గుంటూరు నుంచి మా బాబాయి. "ఒరే అబ్బాయ్! గుళ్ళో మైకు పెట్టారు, వినపడుతోందా? నిద్ర చెడితే మనిషికి బీపీ పెరుగుద్దిరా. ఇట్టా జనాన్ని లేపేస్తే ఎట్టా?" ఈ మాటలకి మా ఆవిడా, పిల్లలూ, పక్క వాటావాళ్ళూ లేచి కూర్చుంటారు. నేను ఫోన్ స్పీకర్లో పెట్టను. ఆ అవసరం రాదు.

ఇలాంటి పెద్దమనిషి మీ వీధిలోనూ ఉండే ఉంటాడు. లోకం చేసేదంతా రొద. తను చేసేది మాట్లాడటం.

బాబాయికి డెబ్భై ఒకటి. రెండేళ్ళ కిందట సెలవులకొచ్చిన మనవడు ఆయన ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ వేసి వెళ్ళాడు. మా పిన్ని ఆ పిల్లాణ్ణి ఇంకా క్షమించలేదు. కేంద్రం 2000లో పెట్టిన నిబంధనలు బాబాయికి ఎక్కాల్లా నోటికొచ్చు. ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రులూ బడులూ కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా 50, 40. రాత్రంటే పది నుంచి పొద్దున ఆరు. పెళ్ళిరోజు తేదీ మాత్రం పిన్నిని అడగాలి.

ఓ పాత డైరీలో లెక్కలు రాస్తాడు. పాత సామాన్లవాడి బండి 78. సైలెన్సర్ పీకేసిన ఎదురింటి కుర్రాడి బుల్లెట్ 96. పిన్ని మిక్సీ 88. ఆ రోజు కొబ్బరి పచ్చడి సగంలో ఆగిపోయింది. పాపం ఆవిడ రోలు బయటికి తీసింది. రోకలి పోటు కూడా డైరీకెక్కింది.

ఒకసారి నేను అక్కడుండగా ఉల్లిపాయల ఆటో వచ్చింది. రికార్డు చేసిన గొంతు మైకులో అదేపనిగా తిరుగుతోంది. యాప్ 81 చూపించింది. బాబాయి గేటు దగ్గరికెళ్ళి "ఆపవయ్యా!" అన్నాడు. అంకె 94కి ఎగిరింది. నా కళ్ళతో చూశాను. ఆ 94 కూడా ఉల్లిపాయలవాడి ఖాతాలోనే పడింది. పైగా నాకు పాఠం: "పది డెసిబెల్స్ పెరిగితే శక్తి పది రెట్లయినట్టురా, మామూలు కూడిక కాదు." ఆ లెక్కన ఆటోకి బాబాయి ఇరవై రెట్లు. పైకి అనలేదు, పిన్ని మా ఇద్దరికీ భోజనం వడ్డిస్తోంది.

ఇంకోసారి గుండె డాక్టరు దగ్గర మా వంతు కోసం కూర్చున్నాం. బాబాయి ఫోన్లో వీడియో పెట్టాడు. రోడ్డు రొద వల్ల గుండెకి ఎంత చేటో అందులో ఎవరో వివరిస్తున్నారు. ఫుల్ సౌండు. హాల్లో ఉన్న పాతికమంది రోగులకీ వివరంగా అర్థమైంది. ఆసుపత్రుల అంకె ఎంతో నేను గుర్తు చేయబోయాను. "ఏందిరా గొణుగుతావు, గట్టిగా చెప్పు" అన్నాడు.

చిక్కేమిటంటే, ఆయన చెప్పేది నిజం. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. మనం నిద్రపోయినా అది కాపలా కాస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి లారీ హారన్ కొడితే మనం లేవకపోయినా ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, అడ్రినలిన్, కార్టిజాల్ నెత్తుట్లోకి దూకుతాయి. ఇదే ఏళ్ళ తరబడి సాగితే బీపీ, దాని వెనకాలే గుండెజబ్బు. అబద్ధాలాడే చుట్టాన్నయితే ఎలాగో వదిలించుకోవచ్చు.

ఇంతకీ ఆయన ముప్పై రెండేళ్ళు చిలకలూరిపేట దగ్గర స్పిన్నింగు మిల్లులో చేశాడు. రింగ్ ఫ్రేముల మధ్య మాటలుండవు, సైగలే. చుట్టూ బేళ్ళకొద్దీ దూది, చెవిలో పెట్టుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పెట్టుకున్నా దూదికి ఆగే రొద కాదులెండి. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. ఆపైన మూడు పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలు పుట్టుకతో పదిహేను వేల దాకా ఉంటాయి. పోయినవి మళ్ళీ మొలవవు. ముందు సన్నని ధ్వనులు పోతాయి: పిట్టలు, చంటిపిల్లల మాటలు, స, శ, త. డీజే డప్పు మాత్రం నిక్షేపంగా వినిపిస్తుంది. ఇంకో తమాషా కూడా ఉంది. అలాంటి చెవికి మెల్లగా అంటే అందదు, కాస్త పెంచితే భరించలేదు. "ఏంది?" అంటాడు. మళ్ళీ చెబితే "అరుస్తావేందిరా, నాకేం చెవుడా?" అంటాడు. ఇన్నాళ్ళూ అది మా ఇంటి పెంకితనం అనుకున్నాం.

పోయినేడు పరీక్ష చేయించాం. కాగితం మీద నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గీత నూతిలోకి దిగిపోయింది. మిషను కొన్నాం. నాలుగు రోజులు పెట్టుకున్నాడు. అయిదో రోజు తీసి బీరువాలో పెట్టేశాడు. రొద ఎక్కువగా ఉందా అనడిగితే తల అడ్డంగా ఊపాడు. "మీ పిన్ని వంటింట్లో ఏదో ఒకటి అంటానే ఉందిరా. ఎన్నాళ్ళబట్టో!" మొహం చూస్తే జాలేసింది. పిన్ని మొహం చూస్తే ఇంకా జాలేసింది. నలభై అయిదేళ్ళుగా నిశ్చింతగా సణుక్కున్న మనిషి ఆ నాలుగు రోజులూ పెదవి బిగబట్టి వంట చేసింది.

ఆయన మీద ఇంత రాశాను గానీ, సిగ్నల్ దగ్గర ఇంకా మూడు సెకన్లుండగానే హారన్ నొక్కేవాణ్ణి నేనే. రోజూ బస్సులో ఇంజను రొద వినపడకుండా ఇయర్‌ఫోన్స్ సౌండు పెంచేవాణ్ణీ నేనే. ఈ మధ్య టీవీ అంకె 18 నుంచి 27కి చేరింది. ఈ కాలం నటులకి స్పష్టత లేదని నా వాదన.

నిన్న మా ఆవిడ వంటింట్లోంచి ఏదో అన్నట్టనిపించింది. అనలేదేమో అని ఊరుకోబోయాను. అనుమానం తీరక, బాబాయి బలవంతాన నా ఫోన్లోనూ వేయించిన యాప్ తెరిచి పట్టుకున్నాను. 41 దగ్గరున్న అంకె ఉన్నట్టుండి 63కి వెళ్ళి, అక్కడే చాలాసేపు ఆడింది. అన్నది నిజమే. ఏమందో యాప్ చెప్పదు.