నానక్‌రామ్‌గూడలో మంచు

నానక్‌రామ్‌గూడలో మంచు కురుస్తోంది. నమ్మనివారు ఫోన్‌లో బిల్డర్ ప్రకటన తెరిచి చూడండి. టవర్ ఒక్కటే, బొమ్మలు నాలుగు: పూలు, ఎండ, రాలే ఎర్రాకులు, మంచు. వానాకాలానికి మాత్రం చోటు దక్కలేదు. వాన కురిస్తే గేటు ముందు మోకాలి లోతు నీళ్లు కూడా బొమ్మలో పడతాయి మరి!

మంచును క్షమించేయవచ్చు. క్షమించలేనిది ఆ ప్రకటనల్లోని సాయంత్రం. పొద్దు గుంకాక వచ్చే పావుగంట, అదే బ్లూ అవర్. ఆకాశమంతా నీలం, ప్రతి కిటికీలో పసుపు దీపం. ఇంకా గృహప్రవేశం కాని ఫ్లాట్లలోనూ దీపాలే. ఊళ్లో టవర్లన్నీ ఆ పావుగంటలోనే పుట్టి పెరిగినట్టుంటాయి.

2020లో ఫొటోషాప్ ఆకాశాన్ని మార్చే సదుపాయం ఇచ్చాక ఆ పావుగంట కోసం కాచుకునే శ్రమా తప్పింది. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోకి సంధ్యను అతికిస్తున్నారు. అతుకు పైన కనబడదు, కిందికి చూడాలి. సూర్యుడేమో టవర్ వెనక దిగిపోయుంటాడు, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు నీడేమో అతని బూట్ల కిందే ముడుచుకుని ఉంటుంది.

ఇదేమిటని అడిగితే ఫొటోగ్రాఫర్ జూలియస్ షుల్‌మన్ పేరు చెబుతారు. 1960లో లాస్ ఏంజెలెస్ కొండ మీద పియర్ కోనిగ్ కట్టిన అద్దాల ఇంటిని ఆయనా చీకటి వేళే తీశాడు. ఊరి దీపాల కోసం షట్టర్‌ను నిమిషాల తరబడి తెరిచి ఉంచి, లోపల కూర్చోబెట్టిన అమ్మాయిల కోసం ఫ్లాష్ వెలిగించాడు. ఏర్పాటు చేసుకున్న బొమ్మే, కాదనం. కానీ కింద మెరిసేది ఆ రాత్రి ఆ ఊరే. దుబాయ్ నుంచి తెచ్చి పెట్టింది కాదు.

ఎండ మాటకొస్తే, చండీగఢ్ హైకోర్టు ముఖానికి ఆర్కిటెక్ట్ లె కార్బుజియే కాంక్రీటు అడ్డుపలకలు పెట్టింది ఎండను ఆపడానికి. లూసియెన్ హెర్వే ఆ నల్లటి నీడలనే ఫొటోలుగా తీశాడు. మండుటెండ లేకుంటే ఆ కట్టడమే అర్థం కాదు.

ఇక్కడ ఎండను దాచడమే వ్యాపారం. పడమటి గోడంతా అద్దం బిగించి, మే నెల మూడు గంటలప్పుడు దాన్నెవరూ తీయరు. తీస్తే కిందికి దించేసిన బ్లైండ్లు, వెనకాల వరసగా వేలాడే ఏసీ డబ్బాలు బయటపడతాయి. ఇది కళ కాదు, మోసం. ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టేవాడికి పావుగంట చూపించి, మిగతా పగలంతా కరెంటు బిల్లులో వేస్తున్నారు.

హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య రోజుల్లో ఉత్తరపు గోడకూ మధ్యాహ్నపు ఎండ తగులుతుంది. రుతువులు తీయాలని అంత ఉబలాటముంటే అక్కడ ట్రైపాడ్ వేయండి. గొడుగు వెంట తెచ్చుకోండి, బ్రోషర్‌లోని చెట్లు అక్కడ ఉండవు.