చచ్చినవాడి కళ్లు చారెడు

విడిపోయిన పంక్ బ్యాండు మళ్లీ కలిసి ఆల్బమ్ తెచ్చిందంటే సమీక్షకుడికి సగం శ్రమ తప్పినట్టే. తీర్పు ముందే రాసిపెట్టి ఉంటుంది, వినడం లాంఛనం. పాత బాణీలోనే వాయిస్తే ‘ఇంకా అక్కడే ఉన్నారు’ అంటాడు, బాణీ మారిస్తే ‘ఆ కసి చచ్చింది’ అంటాడు. రెండింటికీ అతికే ముక్తాయింపు ఒకటి సిద్ధంగా ఉంటుంది: ‘పాత కీర్తికి మచ్చ తెచ్చారు’.

స్టూజెస్ సంగతే చూడండి. ఇగ్గీ పాప్, యాషెటన్ సోదరులు 1973 నాటి ‘రా పవర్’ తర్వాత 34 ఏళ్లకు, 2007 మార్చిలో ‘ది వియర్డ్‌నెస్’ తెచ్చారు. షికాగోలో స్టీవ్ ఆల్బినీ రికార్డు చేశాడు. పాత ఆల్బమ్ ‘ఫన్ హౌస్’లో సాక్సఫోన్ ఊదిన స్టీవ్ మెకే మళ్లీ వచ్చి ఊదాడు. సంగీత సమీక్షల వెబ్‌సైటు పిచ్‌ఫోర్క్ పదికి ఒక్క మార్కు వేసి చేతులు దులుపుకుంది. అరవైకి నెల దూరంలో ఉన్న ఇగ్గీ కుర్రాడిలా విసుగు చూపిస్తే నటన అనిపించుకుంటుంది, ఏటీఎం మీద పాట కడితే చప్పదనం అనిపించుకుంటుంది. ఇక ఆయన ఏం పాడాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంతకీ ఆ కీర్తిని అప్పట్లో ఎవరు నెత్తిన పెట్టుకున్నారు? 1969 నాటి తొలి ఆల్బమ్ బిల్‌బోర్డ్‌లో 106వ స్థానం దాటలేదు. మరుసటి ఏడు వచ్చిన ‘ఫన్ హౌస్’ 200 ఆల్బమ్‌ల జాబితాకే ఎక్కలేదు. ఎలెక్ట్రా రికార్డు కంపెనీ వాళ్లను వదిలించుకుంది. లెస్టర్ బ్యాంగ్స్ లాంటి కొద్దిమంది విమర్శకులు గొంతు చించుకున్నా ఆలకించినవాళ్లు తక్కువ. బ్యాండు చితికిపోయాకే అవే రికార్డులు పంక్‌కు వేదాలయ్యాయి. చచ్చినవాడి కళ్లు చారెడు మరి! చిక్కల్లా ఆ చచ్చినవాడు లేచి కూర్చుని కళ్లు తెరిచినప్పుడే. అవి అందరి కళ్లలాంటివేనని తేలిపోతుంది.

‘అయితే నాసి పాటల్ని నాసి అనకూడదా?’ అని అడగవచ్చు. నిక్షేపంగా అనండి. ‘ది వియర్డ్‌నెస్’లో మాటలు పేలవమే. కానీ ఆ లెక్క ఆ పాటల దగ్గరే తేలాలి. ‘డబ్బుకోసమేగా కలిశారు’ అన్నది ఇంకో ఆరోపణ. 1996లో సెక్స్ పిస్టల్స్ ఆ మాట దాచకుండా తమ యాత్ర పేరులోనే పెట్టుకున్నారు, దాంతో పాత పాటల పదును తగ్గిందీ లేదు, పెరిగిందీ లేదు. ‘బాగుంటే మేమే మెచ్చుకుంటాం, 2015లో స్లీటర్ కిన్నీ బ్యాండు తిరిగొస్తే పొగిడాం కదా’ అంటారు. నిజమే. అంటే మళ్లీ కలవడం రోగం కాదనేగా? మరి ఆల్బమ్ బాగాలేనప్పుడు మాత్రం కలయికకే శాపనార్థాలెందుకు?

మచ్చ పడిందన్న మూడేళ్లకే, 2010లో, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ స్టూజెస్‌ను చేర్చుకుంది. ‘ఫన్ హౌస్’లో ఒక్క అపస్వరమూ కొత్తగా చేరలేదు. చెదిరిందల్లా సమీక్షకుడు కుర్రతనంలో గుండెల్లో కట్టుకున్న గుడి. తన యవ్వనం తిరిగి రాలేదన్న ఫిర్యాదును సమీక్ష పేరుతో అచ్చేయడం మానితే, పదికి ఒకటే వేసినా, ఆ ఒకటి ఏ పాటకో, పోయిన తొమ్మిది దేనికో పాఠకుడికి తెలుస్తుంది.