పొగపడవ చీటీకి టీకా తాత్పర్యము

మూలము: “పొణికి కొయ్య రెండడుగులు. అడుగు బల్లపరుపు. చక్రం వెనక. సైకిలు పుల్లలు నాలుగు. మోటారు నిదానంది. బాయిలరు (కొట్టివేత). పొగగొట్టాలు రెండు. కందెన కొంచెం.”

అవతారిక. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో ఒకప్పుడు పద్యం చెప్పినవాడికి శాలువా, అర్థం చెప్పినవాడికి సంభావన దక్కేవి. తిరుపతి వేంకట కవులు ఈ మూడు చోట్లకూ వచ్చి సత్కారాలు అందుకున్నారు. గద్వాలకైతే ‘విద్వద్గద్వాల’ అన్న పేరే నిలిచిపోయింది. ఇంత పాండిత్యం పారిన నేల మీద హార్డువేరు కొట్టు చీటీకి ఇంతవరకు ఒక్క వ్యాఖ్యానమూ వెలువడకపోవడం లోటే. పై చీటీ కర్త నాగర్‌కర్నూలులో ఒక మాస్టారు అనుకుందాం. ఆయన కోరిక చిన్నది: నదుల్లో తిరిగిన పాతకాలపు స్టీమరుకు రెండడుగుల నమూనా చెయ్యాలి. అమెరికాలో అయితే ముక్కలన్నీ కోసి సర్దిన మిసిసిప్పీ పడవ పెట్టె కొనుక్కుంటే సరిపోయేది. మాస్టారు మాత్రం మూడు ఊళ్ల కొట్లు తిరగాలి. మెదక్ వైపు కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి, ఆధారం లేని మాట రాయనని నియమం పెట్టుకున్నాడు. పడవ ముక్కలకు కూడా ఆ నియమాన్నే పాటిద్దాం.

‘పొణికి కొయ్య’. టీక: నిర్మల్ బొమ్మలకు, కొండపల్లి బొమ్మలకు వాడే తేలిక కర్ర. మోడళ్ల పుస్తకాలన్నీ బాల్సా అంటాయి. అది దక్షిణ అమెరికా చెట్టు, మన టింబరు డిపోలో ఆ పేరు చెబితే ప్లైవుడ్డు చూపిస్తారు. పూర్వపక్షం: థర్మోకోల్ ఉండగా కొయ్య ఎందుకు? సమాధానం: గబుక్కున అతికే జిగుర్లు తగిలితే థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది, పెయింటులో కలిపే థిన్నరు తగిలినా అంతే. పొణికి కత్తికి వెన్నలా లొంగుతుంది. కానీ నీళ్లు తాగుతుంది కాబట్టి లోపలా బయటా ఎనామెల్ పూత పడాల్సిందే.

‘అడుగు బల్లపరుపు’. ఈ రెండు మాటల్లోనే శాస్త్రమంతా ఉంది.

సముద్రపు ఓడకు అడుగున వెన్నుదూలం ఉంటుంది, అది నీటిని కోసుకుంటూ పోతుంది. కృష్ణలో, తుంగభద్రలో అలాంటి ఓడ దింపితే నాలుగు బారలు కదలకముందే బండకెక్కుతుంది. పరుపు రాళ్లు, ఇసుక మేటలు, ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్లు: ఈ రెండు నదుల నడుమ ఉన్న నడిగడ్డ జనానికి ఇది చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడి నది పుట్టిని తయారు చేసుకుంది. వెదురు తడకను గిన్నెలా అల్లి, వెనకటి రోజుల్లో తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పయస్ ఆనెగొంది రేవులో ఈ గుండ్రటి తోలు పడవలు చూసి ఆశ్చర్యపోయి రాసిపెట్టాడు. మాస్టారి పరిశోధనకు మొదటి గ్రంథం బీచుపల్లి దగ్గరి పుట్టి. పడవ ఎంత తక్కువ మునిగితే అంత మంచిదన్న సూత్రం అందులో ఉంది.

ఆవిరి పడవల వాళ్లకూ ఈ బండల చిక్కే ఎదురైంది. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 దాకా కట్టించిన ఆర్థర్ కాటన్, రైళ్ల కన్నా నీటిదారులే చవక అని జీవితాంతం వాదించాడు. గోదావరి మీద ఎగువకు పడవలు నడిపించవచ్చని కాటన్ సహచరుడు హేగ్ 1856లో నివేదిక రాశాడు. దారిలో మూడు చోట్ల బండల అడ్డంకులు. వాటిని దాటించడానికి లాకులు, ఆనకట్టలు మొదలుపెట్టి, డబ్బు నీళ్లలా పోసి, 1871లో చేతులెత్తేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి మిగిలిన గుర్తు.

గద్వాల జిల్లా వాళ్లు అంత దూరం వెళ్లనక్కర్లేదు. రాజోలికి దగ్గర్లో సుంకేసుల ఉంది. అక్కడ తుంగభద్రకు అడ్డం కట్టి మొదలైన కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863 నుంచి 1870 దాకా తవ్వించింది. సాగునీటితో పాటు సరుకు పడవలూ పోవాలని లాకులు కూడా కట్టించింది. కంపెనీ లెక్కలు కుదరలేదు, 1882లో సర్కారే కాలువను తీసుకుంది. నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి, పడవల ముచ్చట మాత్రం పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. మోడలు కోసం ఆధారాలు వెతికేవాడికి మిసిసిప్పీ కన్నా ఈ కంపెనీ చరిత్రే దగ్గర చుట్టం. ఏ కొలత పడవ ఏ లాకులో పడుతుందో ఆలోచిస్తేనే మోడలుకు వెడల్పు వస్తుంది.

విశేషం: శ్రీశైలం జలాశయం నిండాక కృష్ణ ఇక్కడ లోతైంది. కూడవెల్లి సంగమేశ్వరాలయం రాళ్లు విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టాల్సి వచ్చినంత లోతు. ఇప్పుడు సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక శాఖ లాంచీ పోతుంది. ఆవిరి కాలం పోయాక గానీ ఆవిరి పడవకు సరిపడా నీళ్లు రాలేదు. చరిత్ర పంతం అలాగే ఉంటుంది.

‘చక్రం వెనక’. పాఠాంతరం: ‘చక్రాలు పక్కన’. కలకత్తా గార్డెన్ రీచ్‌లో తయారై తూర్పు బెంగాల్ నదుల్లో తిరిగిన ‘ఆస్ట్రిచ్’ (1929) వంటి స్టీమర్లకు చక్రాలు రెండు పక్కలా ఉంటాయి. అక్కడ నది విశాలం, చెల్లింది. ఇరుకు కాలువలో పక్క చక్రాలు గట్టును గీరుతాయి, వెడల్పూ పెంచుతాయి. వెనక చక్రమైతే పడవ ఒళ్లే దానికి కాపలా, కొట్టుకొచ్చే దుంగలు ముందు దానికి తగలవు. కాబట్టి మూలపాఠమే గ్రాహ్యం.

‘సైకిలు పుల్లలు నాలుగు’. ఇక్కడ మాస్టారి తెలివి కనిపిస్తుంది. బల్లపరుపు పడవ పొడుగ్గా ఉంటే ముందు బాయిలరు బరువు, వెనక ఇంజన్ల బరువు, రెండు కొసలూ కిందికి వాలతాయి. అది ఆపడానికి మధ్యలో గుంజలు నిలబెట్టి, వాటి మీదుగా కొస నుంచి కొసకు ఇనుప కడ్డీలు బిగించేవారు. రెండడుగుల మోడలుకు ఆ కడ్డీ సైకిలు పుల్లే. రెండు పుల్లలు దానికి, ఒకటి చక్రం ఇరుసుకు. నాలుగోది క్రాంకులకు వంచాలి. చక్రానికి రెండు వైపులా ఉండే క్రాంకులు ఒకే దిక్కు చూడకూడదు, ఒకటి నిలువుగా ఉంటే రెండోది అడ్డంగా ఉండాలి. లేకపోతే రెండు ఇంజన్లూ ఒకేసారి చివరికి చేరి, చక్రం ఎటూ తిరగక ఆగిపోతుంది. పుల్ల వంచేటప్పుడు పట్టుకారు ఉంటే చాలు. ఇరుసు సన్నగా తిప్పించాలంటే మాత్రం లేత్ మిషను కావాలి. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది కాబట్టి ఆ ఊళ్లో లేత్ తెలిసినవాళ్లకు కరువుండదు.

‘మోటారు నిదానంది’. ఈ మాట విని కొట్టాయన అడిగే ప్రశ్న ఒకటే: “బోరుకా సార్, గిర్నీకా?” “పడవకు” అంటే నవ్వుతాడు, తర్వాత లోపలికెళ్లి వెతుకుతాడు. బడిపిల్లల సైన్సు ప్రాజెక్టులకు అమ్మే పసుప్పచ్చ గేరు మోటారు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. నిమిషానికి 60 చుట్లదో 100 చుట్లదో తీసుకోవాలి. బొమ్మ కారు మోటారు నేరుగా పెడితే చక్రం నీటిని నెట్టదు, నురగ కొట్టి నలుగురి మీద చల్లుతుంది.

‘బాయిలరు (కొట్టివేత)’. కొట్టివేత కర్తదే, లేఖకుడి తప్పు కాదు. ఇంగ్లండులో మామోడ్, జర్మనీలో విలెస్కో అనే కంపెనీలు నిజంగా ఆవిరితో నడిచే చిన్న ఇంజన్లు చేస్తాయి. మరి వద్దనడం ఎందుకు? 1865 ఏప్రిల్ 27న మెంఫిస్ నగరానికి ఎగువన మిసిసిప్పీలో ‘సుల్తానా’ స్టీమరు బాయిలర్లు పేలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. మాస్టారు అది చదివిన రోజే ఆ మాట కొట్టేసి ఉంటారు. సేఫ్టీ వాల్వు లేని డబ్బాలో నీళ్లు కాచడం ఆటలో భాగం కాకూడదు. ఆవిరి చూడాలని అంత ముచ్చటగా ఉంటే జాతరలో దొరికే రేకు పడవ ఉంది. దీపం వెలిగిస్తే గొట్టంలో నీళ్లు మరిగి బయటికి తోసుకొస్తాయి, వెంటనే కొత్త నీళ్లు లోపలికి పీల్చుకుంటాయి, టపటపమంటూ పడవ సాగుతుంది. దాని ఊహకు థామస్ పియో 1891లో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు.

‘పొగగొట్టాలు రెండు’: అగరుబత్తి గొట్టాలు, నల్ల రంగు. ‘కందెన’: కుట్టు మిషను నూనె. వ్యాఖ్య అనవసరం.

చివరగా చీటీ వెనక వేసిన లెక్క ఒకటి చూడాలి. 48వ వంతు కొలత. రెండడుగుల మోడలు 96 అడుగుల పడవకు సమానం, అయిదంగుళాల వెడల్పు ఇరవై అడుగులకు. అసలు పడవ రెండడుగులే మునగాలంటే మోడలు అర అంగుళం మునగాలి. 24 అంగుళాలను అయిదుతో, దాన్ని అరతో హెచ్చవేస్తే 60 ఘనపు అంగుళాలు, అంటే లీటరుకు కొంచెం తక్కువ నీరు. కొసలు గుండ్రం చేస్తే పోయేది తీసేయగా, అన్నీ కలిపి పడవ 850 గ్రాములు దాటకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. చీటీలో బ్యాటరీ లేదు. వ్యాకరణం తెలిసినవాళ్లు దాన్ని అధ్యాహారం చేసుకుంటారు, కానీ ఏది? ఎమర్జెన్సీ లైట్లలో వచ్చే 6 వోల్టుల లెడ్ బ్యాటరీ ఒక్కటే ముప్పావు కిలో తూగుతుంది, అది పెడితే పడవకు మిగిలేది వంద గ్రాములు. గోడగడియారంలో వేసే పెన్సిలు సెల్లులు నాలుగు కలిపితే అదే 6 వోల్టులు, బరువు వంద గ్రాముల దరిదాపు. కాబట్టి మూలానికి ‘సెల్లులు నాలుగు’ అని చేర్చుకుని చదవాలి. వాటిని పొగగొట్టాల కింద, సరిగ్గా బాయిలరు ఉండాల్సిన చోటే పెట్టాలి. వెనక వేలాడే చక్రం బరువుకు ముందు వైపు సమతూకం కుదరాలంటే అదొక్కటే చోటు.