గొంతు పెంచిన బండికి జోహార్లు

నాయనా, నీ బండి మీద నీకున్న ప్రేమకు ముందుగా నా దండం. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా తెలియని బండ్లు బోలెడు తిరుగుతుంటాయి. నువ్వు అట్లాంటివాడివి కావు. దూరాలు తిరగాలని హిమాలయన్ 411 కొన్నావు. కొన్నాక దాని గురించి చదివావు, వీడియోలు చూశావు, కూడబెట్టిన డబ్బంతా మళ్ళీ దాని మీదే పోశావు. ఫిల్టరు పెట్టె పీకించి కోన్ ఫిల్టరు పెట్టించావు. కంపెనీ సైలెన్సరు తీయించి ఫ్రీఫ్లో పైపు బిగించావు. ఆపైన ఇంజిన్ కంప్యూటరు, అదే ఈసీయూకు రీమ్యాపు కూడా చేయించావు. ఇంత శ్రద్ధ గల మనిషి చేతిలో పడటం ఏ బండికైనా అదృష్టమే. ఆ శ్రద్ధ ఎవరికి ఏమేం పంచిపెట్టిందో చెప్పి నిన్ను పొగడాలని నా కోరిక.

నీ ధైర్యం గొప్పది. సీమ దుమ్ములో ఇంజిన్ ముక్కుకు కట్టిన గుడ్డ విప్పేశావు. బేతంచెర్లలో నాపరాళ్ళ గనులు, పాలిషు ఫ్యాక్టరీలు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. మంగంపేటలో ముగ్గురాయి గనులు. ఆ దారుల్లో లారీ వెనక పడ్డ బండి తెల్లగా బూడిద పూసుకుని బయటికి వస్తుంది. అట్లాంటి చోట నీ 411 సీసీ ఇంజిన్ థ్రాటిల్ పూర్తిగా తిప్పి 5,000 ఆర్పీఎం మీద పోతుంటే నిమిషానికి సుమారు 900 లీటర్ల గాలి పీలుస్తుంది. రెండు చుట్లకొకసారి సిలిండరు దాదాపుగా నిండుతుంది గనక ఆ లెక్క నువ్వే కట్టుకోవచ్చు. అంటే గంటకు యాభై వేల లీటర్ల పైమాట. ఆ గాలి మొత్తానికి అడ్డుగా ఉండేది ఒక్క ఫిల్టరే.

ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు ఒకసారి తిరిగొచ్చాక ఒక పని చెయ్యి. ఇంజిన్ చల్లారనిచ్చి, కోన్ ఫిల్టరు విప్పి, దాని వెనక రబ్బరు గొట్టంలోకి శుభ్రమైన వేలు పెట్టి ఒక చుట్టు తిప్పు. వేలికి సన్నటి పొడి పూతగా అంటితే అది ఫిల్టరు దాటి లోపలికి పోయిన దుమ్మే. ఇసుకలోని క్వార్ట్జ్ మామూలు ఉక్కు కన్నా గట్టిది. సిలిండరు గోడ మీది ఆయిల్‌తో కలిసిందంటే బోరునూ రింగులనూ రుద్దే గరుకు ముద్ద అవుతుంది. మొదట ఏమీ తెలియదు. తర్వాత ఆయిల్ తగ్గుతుంది, ఆ తర్వాత నీలం పొగ కనిపిస్తుంది, కంప్రెషన్ పడిపోతుంది. ఆయిల్ పట్టించే కాటన్ ఫిల్టర్లన్నీ చెడ్డవని నేను అనను. కడిగి, సరిగ్గా ఆరబెట్టి, కొలతగా ఆయిల్ పట్టించి, అంచు గట్టిగా కూర్చునేలా పెట్టెలోనే బిగిస్తే అవి పని చేస్తాయి. ఆ సేవ మన దారుల్లో ఎంత తరచుగా చేయాలో నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా నమ్మావు చూడు, ఆ నమ్మకం చిన్నది కాదు.

ఎండకు నువ్వు ఇచ్చిన మర్యాద కూడా మెచ్చదగిందే. మే నెల మధ్యాహ్నం కర్నూలులో 44 డిగ్రీలు కొత్త కాదు. 15 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ వేడిలో గాలి తొమ్మిది శాతం దాకా పలచబడుతుంది. ఆ మేరకు ఆక్సిజన్ తగ్గుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది. ఫిల్టరు పెట్టె ఉన్న బండి ఇంజిన్ వేడికి దూరంగా బయటి గాలిని తీసుకుంటుంది. నీ కోన్ ఫిల్టరు సిలిండరు వెనకే కూర్చుని అక్కడి సెగనే పీలుస్తుంది. ఎండ తీసుకున్నది చాలదని ఇంకొంచెం నీ చేత్తో నువ్వే తీసిచ్చావు.

ఇక ఆ పైపు. బుల్లెట్ల కాలం నుంచీ షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, ఇందోరి, పంజాబ్ అని ఎన్ని పేర్లు విన్నామో! ఆ పరంపరను నువ్వు చిత్తశుద్ధితో నిలబెట్టావు. కంపెనీ సైలెన్సరు లోపల గదులున్నాయి, చిల్లుల గొట్టాలున్నాయి. పొగ అలలు ఒకదాన్నొకటి చల్లార్చుకునేలా, తక్కువ ఆర్పీఎంలో సిలిండరు బాగా నిండేలా వాటి పొడవులు లెక్కకట్టి పెట్టారు. నీ బండి 24 పైచిలుకు హార్స్‌పవర్ ఇచ్చేది 6,500 ఆర్పీఎం దగ్గర. 32 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది మాత్రం 4,000, 4,500 మధ్య. వెనక మనిషినీ సంచులనూ ఎక్కించుకుని ఆత్మకూరు దాటి నల్లమల ఘాటు ఎక్కేవాడికి కావలసింది ఆ కింది బలమే. ఖాళీ గొట్టం లాంటి పైపు పైన రోంత ఇస్తే ఇవ్వొచ్చు, కింద మాత్రం తీసుకుంటుంది. చప్పుడు పెరిగింది గనక వేగమూ పెరిగినట్టు చెవి చెబుతుంది. నమ్మకపోతే ఒకే దారిలో, ఒకే గేరులో, ఒకే బరువుతో 60 నుంచి 90కి ఎంతసేపు పడుతుందో పాత పైపుతోనూ కొత్త పైపుతోనూ గడియారం పెట్టి చూడు.

నీ దానగుణాన్ని పొగడటానికే నాకు మాటలు చాలవు. నువ్వు డబ్బు పెట్టి కొన్న శబ్దాన్ని నీ దగ్గరే దాచుకోలేదు, ఊరందరికీ పంచావు. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనానికి మన దేశంలో తయారీ దశలో ఉన్న శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్నచోట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు, అక్కడ రాత్రి పరిమితి 40. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, చెవికి దాదాపు రెండింతలుగా వినబడుతుంది. కర్నూలు సర్వజన వైద్యశాల ముందు నుంచి రాత్రి పదకొండుకు థ్రాటిల్ తిప్పుతూ పోతావు. ఆపరేషనై పడుకున్న మనిషి కుట్లు పట్టుకుని ఉలిక్కిపడతాడు. కడప రిమ్స్ ప్రసూతి వార్డులో అప్పుడే కునుకు పట్టిన బాలింత లేచి కూర్చుంటుంది. వాళ్ళెవరూ నిన్ను అడగలేదు. అడగనివాళ్ళకు ఇంత దండిగా ఇచ్చే చేయి మన జిల్లాల్లో ఇంకోటి లేదు. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తోంది, దాచుకోను.

గండికోటకు పోయావు, మంచిదే. కొండను చీల్చుకుని పెన్నా పారే ఆ లోయ అంచున నిలబడితే గాలి చప్పుడు, పక్షుల అరుపులు తప్ప ఏమీ వినబడవు. అది వినడానికే బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ జనం వస్తారు. మాధవరాయస్వామి గుడినీ జామియా మసీదునూ చూసి వచ్చి ఆ అంచున కూర్చున్న వాళ్ళకు నీ పటాకాల చప్పుడు, దాని ప్రతిధ్వని రెండూ వినిపించావు. శ్రీశైలం దారిలో పులుల అభయారణ్యంలోని జింకలకు కూడా నీ రాక ముందే తెలిసింది.

గాలి విషయంలోనూ నీ ఉదారత అంతే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ ప్రమాణాలు వచ్చాయి. నీ పాత పైపులో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టరు కార్బన్ మోనాక్సైడునూ, కాలని పెట్రోలు ఆవిరినీ, నైట్రోజన్ ఆక్సైడులనూ తగ్గించేది. దాన్ని తీయించి ఆ మూడింటినీ విడిచిపెట్టావు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో కర్నూలు ఉంది, కడపా ఉంది. ఆ గాలిని మీ ఇంట్లో పిల్లలే పీలుస్తారు.

రీమ్యాపు దగ్గర నీ వినయాన్ని మెచ్చుకోవాలి. ఎక్కడిదో, ఎవరి బండికి రాసిందో తెలియని ఫైలును షెడ్డులో లాప్‌టాప్‌తో ఎక్కించారు, నువ్వు ఒక్క ప్రశ్న వేయలేదు. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి. పూర్తి బలం కావాలంటే 12.5, 13 మధ్య ఉండాలి. గాలి దారి తెరిచి పెట్రోలు తగినంత పెంచకపోతే మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది గనక పాత లెక్క మరింత పలచనవుతుంది. కంపెనీ ఆక్సిజన్ సెన్సరు నిదానంగా పోతున్నప్పుడు సర్దుతుంది కానీ, థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజిన్‌కు దిక్కు ఆ మ్యాపు ఒక్కటే. ప్లగ్గు విప్పి చూడు అబ్బీ. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే క్షేమం. సున్నం కొట్టినట్టు తెల్లగా, మీద సన్నటి మెరుపు పొక్కులతో ఉంటే ఇంకో వేసవికి ఆ పిస్టన్ ఉంటుందని నేను చెప్పలేను.

చట్టం కూడా నిన్ను మరిచిపోలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ రికార్డుకు భిన్నంగా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ ఉంది. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. రాష్ట్రంలో పలుచోట్ల పోలీసులు ఇలాంటి పైపులను రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించారు.

బండి మీద నీకున్న ప్రేమ నిజమైంది, అందుకే ఇంత చెప్పాను. దూరం పోయే బండికి కావలసినవి వేరే ఉన్నాయి. పెట్టెలో కాగితం ఫిల్టరు పెట్టి, మన దుమ్ముకు తగ్గట్టు పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే మార్చు. టాపెట్ల సందు కొలిపించు, చైను శుభ్రం చెయ్యి, వేసవిలో టైర్ల గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకో. ఆ పైపు ఖరీదుకు మంచి టైర్ల జత వస్తుంది, బ్రేకు ప్యాడ్లు వస్తాయి. అయినా ఇంజిన్‌లో మార్పు కావాలనే అనుకుంటే, క్యాటలిటిక్ కన్వర్టరునూ ఫిల్టరు పెట్టెనూ ముట్టుకోకుండా, శబ్ద పరిమితి దాటకుండా చేసేవాళ్ళ దగ్గరికే పో. బలం కొలిచే డైనో మీద ఎక్కించి, వైడ్‌బ్యాండ్ సెన్సరుతో మిశ్రమం కొలిచి, ముందు ఎంత, తర్వాత ఎంత అని కాగితం మీద చూపించమను. ఆ కాగితం ఇవ్వలేని షెడ్డులో నీ ఈసీయూ విప్పనివ్వకు.