మార్చి పద్దు: టీకా, తాత్పర్యం

మూలం: "మార్చి. నిల్వ 40,000. రావలసినది 70,800. పోవలసినది 52,000. మిగులు 58,800."

అవతారిక: నెలజీతం లేకుండా, ఒక్కో పనికి ఒక్కో బిల్లు రాసుకుని జీవించే గ్రాఫిక్ డిజైనరు ఒకరు ఫిబ్రవరి చివర తన ఎక్సెల్ షీటులో రచించిన సూత్రమిది. రాబోయే నెలలో చేతికి ఎంత వస్తుందో, చేతినుంచి ఎంత పోతుందో ముందే వేసుకునే ఈ అంచనాకు క్యాష్ ఫ్లో ఫోర్‌కాస్ట్ అని వ్యవహారం. దీనిని లాభనష్టాల లెక్కతో కలపరాదు. బిల్లు రాసిన నాడే లాభం పుట్టినా, అద్దె కట్టేది బ్యాంకులో పడిన సొమ్ముతోనే కనుక, లాభాల్లో ఉంటూనే చిల్లిగవ్వకు వెతుక్కోవడం ఈ వృత్తిలో వైరుధ్యం కాదు.

టీక: నిల్వ అనగా నెల మొదటి రోజున ఖాతాలో కనిపించే మొత్తం. సూత్రం మొత్తంలో ప్రత్యక్ష ప్రమాణానికి నిలిచే పదం ఇదొక్కటే.

రావలసినది అన్న పదం గహనమైనది. ఇందులో 60,000 ఒక కంపెనీకి రాసిన ఫిబ్రవరి బిల్లులోని ఫీజు కాగా, 10,800 దానిపై 18 శాతం జీఎస్టీ. ఏడాదిలో 50,000 దాటిన వృత్తి రుసుముపై కంపెనీ 10 శాతం టీడీఎస్, అంటే మూలంలోనే పట్టుకునే ఆదాయపు పన్ను, మినహాయిస్తుంది కనుక 6,000 ఆగిపోయి ఖాతాలో పడేది 64,800 మాత్రమే. ఆగిన సొమ్ము ఆదాయపు పన్ను శాఖ రికార్డులో కనిపించి రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటవుతుంది. అయితే మార్చి అద్దెకు అది పనికిరాదు. వచ్చినదాంట్లోనూ జీఎస్టీ ప్రభుత్వానిది కనుక డిజైనరు సొంతమని చెప్పదగినది 54,000.

అదైనా ఎప్పుడు వచ్చును అని శంక. "వచ్చే వారం పడిపోతుందండీ" అన్న అకౌంట్స్ విభాగపు వాక్యాన్ని సూత్రకారుడు శబ్ద ప్రమాణంగా స్వీకరించాడు. శబ్దం ప్రమాణం కావాలంటే పలికినవాడు ఆప్తుడై, అనగా నమ్మదగినవాడై, ఉండాలని తార్కికుల నియమం. అకౌంట్స్ విభాగం ఆప్తుల కోవలోకి వచ్చునా అన్నది విచార్యం. కనుక ఇక్కడ అనుమాన ప్రమాణమే, అనగా తెలిసినదాన్నిబట్టి తెలియనిదాన్ని ఊహించడమే, శరణ్యం. అదే కంపెనీ గత బిల్లులకు, బిల్లు తేదీనుంచి డబ్బు పడిన తేదీవరకు ఎన్ని రోజులు పట్టెనో చూసి, 50 రోజులు పట్టి ఉంటే ఈసారీ 50 రోజులే వేయాలి. పూర్వచరిత్ర లేని కొత్త క్లయింటు గడిలో ఈ నెలకు సున్న వేయడం ఉత్తమం.

పూర్వపక్షం: ఉద్యం నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం రక్షణ ఉంది కదా; రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించరాదని, ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు నెలవారీ చక్రవడ్డీ కట్టాలని అది శాసిస్తున్నది కదా అని. నిజమే. కానీ ఆ వడ్డీ అడిగితే మరుసటి పని రాదేమోనన్న భయం చట్టం కంటె బలవత్తరం కనుక, దానిని రావలసిన దాంట్లో చేర్చకుండుటే విజ్ఞత.

పోవలసినది అనగా అద్దె, ఈఎంఐ, ఇంటర్నెట్టు, సాఫ్ట్‌వేర్ చందా, ఇంటి ఖర్చు. సూత్రకారుడు ఇక్కడ గొప్ప లోపం చేశాడు. నెలనెలా రిటర్ను వేసేవారు ఫిబ్రవరి బిల్లు మీది జీఎస్టీని, క్లయింటు కట్టినా కట్టకున్నా, మార్చి 20 కల్లా చెల్లించాలి. అంతకుముందే మార్చి 15న అడ్వాన్స్ టాక్స్ గడువు ఉంది. ఇటువంటి పన్ను గడువులను మరవడం సూత్రకారుల్లో సంప్రదాయం కాబోలు.

తాత్పర్యం: క్లయింటు సొమ్ము మార్చిలో రాకపోతే, అడ్వాన్స్ టాక్స్ మాట పక్కన పెట్టినా, 40,000 నిల్వలోంచి 52,000, 10,800 పోగా 22,800 లోటు తేలుతుంది. అందుచేత "మిగులు" అన్నచోట మకారం లేఖక దోషమనీ, "దిగులు" అన్నదే సాధుపాఠమనీ వ్యాఖ్యాతల అభిప్రాయం.

విశేషం: ఏప్రిల్ ప్రతిలోనూ "రావలసినది 70,800" అన్న వాక్యం అక్షరం పొల్లుపోకుండా కనిపించడంతో, అది ప్రక్షిప్తమని కొందరు, కొత్త పని దొరికిందని కొందరు వాదించారు. బిల్లు నంబరు పోల్చి చూడగా రెండు వాదాలూ వీగిపోయాయి.