జొన్న మురుకుకు లక్కీ డ్రా

పండుగలు దగ్గరపడితే చాలు, హైదరాబాద్‌లో మిఠాయిలూ కారాలూ ఊరికే పంచేవాళ్లు పుట్టుకొస్తారు. బంగారు రంగు పెట్టె, దానికి పట్టు రిబ్బను, లోపల 'హెరిటేజ్' జొన్న మురుకు, 'ఆర్టిసనల్' రాగి లడ్డూ, 'స్మాల్ బ్యాచ్' నువ్వుండ. అంతా ఉచితమే. మీరు చేయాల్సిందల్లా కంపెనీని ఫాలో కావాలి, ముగ్గురు స్నేహితుల పేర్లు ట్యాగ్ చేయాలి, ఫోన్ నంబరు, పుట్టినరోజు, పెళ్లిరోజు రాసివ్వాలి, ఆపైన డ్రా తీసేదాకా నోరూరించుకుంటూ కూర్చోవాలి. పేరు తగిలితే కొరియర్ ఖర్చులు మీవే. కట్నం ఒక్క రూపాయి వద్దు, లాంఛనాలు మాత్రం మీ ఇష్టం అనే మగపెళ్లివారి మాటలా ఉంటుంది ఈ ఉచితం.

అలాంటి పెట్టె ఒకటి మొన్నామధ్య సంగారెడ్డి జిల్లా రాయికోడ్‌లో మా పెద్దమ్మ ఇంటికి చేరింది. హైటెక్ సిటీలో పనిచేసే మనవడు గెలిచాడు. నానమ్మకు చూపిద్దామని పట్టుకెళ్లాడు. పెట్టె తెరిస్తే పెట్టె, అందులో మరో అట్టముక్క, దానికింద సన్నగా తరిగిన కాగితం పోగులు.

"ఇదేంది బిడ్డా, లోపలంత గడ్డే పెట్టిండ్రు?" అంది పెద్దమ్మ.

గడ్డి తీశాక ఆరు మురుకులు బయటపడ్డాయి. ఒక్కోదానికి ఒక్కో కాగితపు గిన్నె. పక్కన చిన్న కార్డు. దక్కన్ నల్లరేగడి నుంచి మీ నాలుక దాకా సాగిన ప్రయాణమట. ఆ నల్లరేగడి పెద్దమ్మ ఇంటి వెనకే మొదలవుతుంది గనుక ఆమెకు ప్రయాణం సంగతి అర్థం కాలేదు. ఇంట్లో పదిమంది, మురుకులు ఆరు. ఒక్కొక్కటి చేత్తో విరిచి అందరికీ పంచి, తనవంతు ముక్క నోట్లో వేసుకుని, "నూనె బాగ గుంజింది. వాము ఎయ్యనే లేదు" అని తీర్పు చెప్పింది. ధర చీటీ చూసిన మనవడు దాన్ని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

మన దేశంలో తిండికి పట్టే యోగాలు విచిత్రంగా ఉంటాయి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. ఆకలి తీర్చిన పథకమే, కాదనను. అయితే జహీరాబాద్ వైపు మెట్టచేలల్లో పండే జొన్నను మాత్రం ఆ పథకంలో పంచలేదు. తెల్లన్నం దొరగారి ఇంటినుంచి పేదింటికి వచ్చింది, జొన్నరొట్టె చెప్పుకోవడానికి మొహమాటపడే తిండి అయింది. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, చిరుధాన్యాలు ఒక్క రూపాయి అని రాశారు. రూపాయికే ఇస్తామన్న ఆ జొన్న రాయికోడ్ రేషన్ దుకాణం మెట్లెక్కితే చూద్దామని పెద్దమ్మ ఇప్పటికీ ఎదురుచూస్తోంది. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. మంచిదే. సన్నబియ్యం సంచిలో ఇంటికి వస్తుంటే, ఒకప్పుడు బీదల తిండి అనిపించుకున్న జొన్న పట్టు రిబ్బను కట్టుకుని బంజారాహిల్స్‌లో అత్తారిల్లు వెతుక్కుంది.

ఈ మధ్యలో 2023 వచ్చింది. భారత్ ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదిని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. విందులు జరిగాయి, ఉపన్యాసాలు జరిగాయి. అదే ఏడాది అక్టోబరులో జీఎస్టీ మండలి చిరుధాన్యాల పిండి సంగతి కూడా తేల్చింది. డెబ్బై శాతం చిరుధాన్యం ఉన్న పిండి విడిగా అమ్మితే పన్ను సున్నా, సంచిలో పోసి పేరు అంటిస్తే ఐదు శాతం. పిండి అదే, తిరగలి అదే. జొన్నకు పేరు పెడితే బారసాల ఖర్చు ప్రభుత్వానికి కట్టాలన్నమాట.

ఉచితంగా పెట్టె పుచ్చుకునేవాళ్లనూ ఆదాయపు పన్ను శాఖ మరచిపోలేదు. 2022 జూలై 1 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం వ్యాపారం, వృత్తి సందర్భంగా ఒకరి నుంచి ఏడాదిలో ఇరవై వేలు దాటిన ప్రయోజనం పొందితే పది శాతం టీడీఎస్ పడుతుంది. ప్రచారం చేసిపెట్టే ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఇచ్చిన వస్తువు ఆయన వాడి తిరిగి ఇచ్చేస్తే పన్ను లేదని శాఖ వివరణ కూడా ఇచ్చింది. కారుకైతే సరే. లడ్డూను వాడి తిరిగి ఇవ్వడం ఎలాగో ఆ వివరణలో లేదు. మరుసటి ఏడాది జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఉచితంగా తీసుకున్నది ఉచితమేనని జనానికి తెలిసేలా చెప్పి తీరాలంది. అందుకే మురుకు కొరికి కళ్లు మూసుకుని 'వావ్' అనే అమ్మాయి కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదవండి.

ఇక రాయికోడ్‌లో పంచడం ఎలా ఉంటుందో చెప్పాలి. సంక్రాంతికి ముందు మార్గశిర బహుళ అమావాస్య వస్తుంది. అటు బీదర్, కలబురగి నుంచి ఇటు జహీరాబాద్, నారాయణఖేడ్ దాకా దాన్ని ఎల్లమాస అంటారు. అప్పటికి చేలో యాసంగి జొన్న నిలబడి ఉంటుంది, శనగ పచ్చగా ఉంటుంది. ముందురోజు రాత్రంతా ఆడవాళ్లు పొయ్యి దగ్గరే ఉంటారు. సజ్జరొట్టెలు నువ్వులద్ది కాలుస్తారు. ఆకుకూరలూ కూరగాయలూ పచ్చిగింజలూ కలిపి కుండెడు బజ్జి వండుతారు. జొన్న అంబలి పులియబెడతారు. తెల్లారి అందరూ గంపలు నెత్తినపెట్టుకుని చేనుకు పోతారు. జొన్నదంట్లతో చిన్న గుడిసె కట్టి, ఐదు రాళ్లకు సున్నం పూసి పాండవులని కొలుస్తారు. నైవేద్యం చేనంతా చల్లుతారు. భూమి తిన్నాకే మనిషి. ఆపైన ఆ దారిన పోయేవాడు ఎవడైనా సరే, పిలిచి కూర్చోబెట్టి విస్తరి వేస్తారు. బస్సు తప్పిపోయినవాడు, బ్యాంకు లోను వసూలుకు వచ్చినవాడు, ఓట్లకు తప్ప కనిపించనివాడు అందరూ తినే పోతారు. ఎవరి పుట్టినరోజూ అడగరు.

అంతా బంగారమేనని కోతలు కోయను. పక్కింటి నుంచి సకినాలు వచ్చిన గిన్నె ఉత్తగా తిరిగి పోకూడదన్నది పల్లెలో రాయని షరతు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా పోసి పంపాలి. గిన్నె ఖాళీగా వచ్చిందంటే ఆ ముచ్చట పదేళ్లు నడుస్తుంది. పంక్తిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి చేతి తిండి ఎవరు ముట్టాలో ఒకప్పుడు కులమే రాసిపెట్టింది. కంపెనీవాళ్ల షరతులు చిన్న అక్షరాల్లో ఉంటే, కులం షరతులు అసలు కాగితం మీదే ఉండేవి కావు.

ఆ పంక్తి చివరన కూర్చోబెట్టిన దళిత ఆడవాళ్లే ఇదే జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల్లో చేరి బీడుభూములు సాగుచేశారు. జొన్న, కొర్ర, సామ విత్తనాలు కుండల్లో దాచారు. విత్తనం లేని ఆడమనిషికి కొలిచి ఇస్తారు. పంట వచ్చాక ఆమె మరికొంత కలిపి తిరిగి కొలుస్తుంది. 2008లో మాచ్‌నూర్‌లో సొంత సంఘం రేడియో పెట్టుకున్నారు. ఏటా సంక్రాంతి నాడు ఎడ్లబండ్ల మీద గింజలు పెట్టుకుని పాతపంటల జాతర మొదలుపెడతారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది. పెట్టెలో పెట్టే కార్డు మీద మాత్రం వీళ్లు ఎక్కరు. 'మా అమ్మమ్మ వంటింటి రహస్యం' అనే వాక్యమే ఎక్కుతుంది. ఆ అమ్మమ్మ ఏ ఊరిదో, ఎవరి చేలో జొన్న కోసిందో కంపెనీ చెప్పదు.

కాబట్టి కంపెనీవారికి ఒక మనవి. వచ్చే డ్రాలో విజేతల చీటీల్లో ఒకటి ట్యాగులతో పనిలేకుండా తీసి పక్కన పెట్టండి. జొన్న కోసిన ఒక ఆడమనిషికి, రాయికోడ్ మండలం, సంగారెడ్డి జిల్లా అని రాసి పెట్టె పంపండి. లోపల గడ్డి తగ్గించి మురుకులు పెంచండి. ఆమె ఫొటో దిగమంటే దిగుతుంది. రుచి గురించి నాలుగు మంచి మాటలు చెబుతుందన్న హామీ మాత్రం నేనివ్వలేను.